అమ్మ కోళ్లు, నా కుక్కలు

ఆనందపురం దాటి భీమిలి వైపు కొంచెం లోపలికెళ్తే మా నాన్న రిటైర్ అయ్యాక కొన్న అరెకరం ఉంది, ఎర్రమట్టి, పదో పదకొండో జీడిమామిడి చెట్లు, గట్టు మీద నాలుగు తాటిచెట్లు, ఒక పెంకుటిల్లు. నాన్న పోయాక అమ్మని సిటీకి వచ్చెయ్యమన్నాం, రాదు. "నానొచ్చీసి మీ ఫ్లాట్లో ఏటి సెయ్యాల్రా, బాల్కనీలో నిలబడి లిఫ్ట్ లెక్కెట్టుకోవాలా" అంటది. సో వారం మొత్తం నేను వైజాగ్ ఎంవీపీ కాలనీలో, శనివారం రాత్రికి ఆనందపురంలో. అమ్మకి అక్కడ ఇరవై ఇరవై రెండు నాటుకోళ్లు, అయిదు మేకలు, ఒక ఆవు దాని దూడ. ఈ లెక్క ప్రతి వారం మారుతూ ఉంటది, కారణం మీరు ఊహించుకోవచ్చు.

పగలు పిల్లల్ని గద్ద ఎత్తుకుపోద్ది, కాకపోతే ముంగిస. రాత్రి బావురుపిల్లి వచ్చి గూడు తలుపు కింద చెయ్యి పెట్టి లాగుద్ది. ఇవన్నీ ఒకెత్తు, లేఅవుట్లు పడ్డాక ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరిన కుక్కల గుంపు ఒకెత్తు. నాలుగైదు కలిసొస్తే మేకల్ని కూడా వదలవు. ఒక తెల్లారుజామున చూడి మేకని చెరువు గట్టు దాకా తరిమాయి, పంటిగాటు ఒక్కటి కూడా పడలేదు గానీ రెండ్రోజులకి మేక ఈసుకుపోయింది, అంటే చూలు పోయింది. అమ్మ రెండు పూటలు అన్నం తినలేదు. అప్పుడు డిసైడ్ అయ్యా, కుక్కని పెంచాలి అని.

ఇక్కడే మొదటి తప్పు చేశా. "ఫ్రెండ్లీ బ్రీడ్, పిల్లల్తో కూడా బాగుంటది, ఎవరినీ ఏమీ అనదు" అని సిటీలో ఒక పెట్ షాప్ వాడు చెప్పగానే లాబ్రడార్ పిల్లని తెచ్చేశా. నలభై రోజుల పిల్ల అన్నాడు, రెండు నెలల లోపు పిల్లల్ని అమ్మకూడదని 2017 నుంచి కేంద్రం రూల్స్ ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది, వాడికి ముందే తెలిసుంటది. పేరు బ్రూనో. చాలా మంచోడు, ఇప్పటికీ మంచోడే.

బ్రూనోకి ఎనిమిది నెలలొచ్చాక ఒక ఆదివారం పొద్దున్న నేను పళ్లు తోముకుంటుంటే వాడు జీడితోట లోంచి బుద్ధిగా నడుచుకుంటూ వచ్చాడు, తోక ఊపుతున్నాడు, నోట్లో ఏదో ఉంది. సరాసరి అమ్మ దగ్గరకెళ్లి కాళ్ల ముందు పెట్టాడు. కోడిపెట్ట. బతికే ఉంది, ఎక్కడా రక్తం లేదు, ఈక ఊడలేదు, ఒళ్లంతా జొల్లుతో తడిసి ముద్దయిపోయి కళ్లు తేలేసి చూస్తోంది. బ్రూనో కూర్చున్నాడు, మెచ్చుకోండి అన్నట్టు. అమ్మ ఆ కోడిని తుడిచి, గంప కింద పెట్టి నీళ్లు తాగించింది. మధ్యాహ్నానికి చచ్చిపోయింది. కరవక్కర్లేదు, భయానికే పోతాయి కోళ్లు. ఆ నెలలో ఇంకో రెండు అలాగే తెచ్చిచ్చాడు.

వాడి తప్పేం లేదని ఇప్పుడు తెలుసు. లాబ్రడార్ రిట్రీవర్ అనే పేరులోనే ఉంది కదా, వేటగాడు తుపాకీతో కొట్టిన పక్షిని నీళ్లలోంచి, పొదల్లోంచి తీసుకొచ్చి యజమాని చేతికియ్యడానికి తయారుచేసిన జాతి అది, పక్షి నలగకుండా మెత్తగా పట్టుకోడం దాని ఉద్యోగం. వాడు డ్యూటీ చేశాడు. నేనే తప్పు డ్యూటీకి వేశా.

పక్కింటి బాబాయ్ ఒక ఉపాయం చెప్పాడు, చచ్చిన కోడిని కుక్క మెడకి కట్టి రెండ్రోజులు వదిలెయ్యి, సిగ్గొచ్చి ఇంక కోళ్ల జోలికెళ్లదు అని. కట్టాం. సాయంత్రానికి బ్రూనో దాన్ని కిందకి లాక్కుని రెండు కాళ్లూ తినేశాడు. ఈ ఉపాయం చాలా దేశాల్లో ఉందంట, నాకు తెలిసి అది పనిచేసిన కుక్కని నేనైతే చూళ్లేదు. వాసనా, రోగమూ తప్ప ఏమీ ఉండదు. ఆ వారమే బ్రూనోని సిటీకి తీసుకొచ్చేశా, ఇప్పుడు రోజూ సాయంత్రం బీచ్ రోడ్డులో వాకింగ్, పావురాల్ని చూసి నిట్టూర్పులు.

తర్వాత ఆర్నెల్లు నేను చేసిన పని రాత్రిళ్లు కుక్కల గురించి చదవడమే. మా ఆవిడైతే ఫోన్లో ఎప్పుడు చూసినా కుక్క బొమ్మలే అని గొడవ. కానీ ఒక విషయం బుర్రకెక్కింది, అది తెలిశాక అన్ని బ్రీడ్లూ ఒక వరసలో అర్థమైపోయాయి.

వేట అనేది ఒకే పని కాదంట. చూడ్డం, కళ్లార్పకుండా గురిపెట్టడం, నక్కుకుంటూ వెళ్లడం, తరమడం, పట్టుకోడం, చంపడం, చీల్చడం, తినడం, ఇవన్నీ విడివిడి మెట్లు. తోడేలుకి అన్నీ ఉంటాయి. మనుషులు వేల ఏళ్లుగా కుక్కల్ని ఏరుకుంటూ వచ్చి ఒక్కో జాతిలో కొన్ని మెట్లు పెంచారు, కొన్ని చెరిపేశారు. అమెరికాలో కాపింగర్ అని భార్యాభర్తలిద్దరు 1970ల నుంచీ మంద కాసే కుక్కల మీద పనిచేశారు, వాళ్లు దీన్ని బాగా వివరించారు. బోర్డర్ కోలీకి గురిపెట్టడం, నక్కడం, తరమడం దాకా బ్రహ్మాండంగా ఉంటది, చంపడం దగ్గర ఆగిపోద్ది, అందుకే గొర్రెల్ని తోలగలదు. లాబ్‌కి పట్టుకోడం ఉంది, చంపడం లేదు. టెర్రియర్‌కి పట్టుకోడం, విదిలించి చంపడం రెండూ గట్టిగా ఉంటాయి, ఎలకల కోసం పెంచిన జాతులు మరి. మంద దగ్గర కాపలా కుక్కలకేమో ఈ మెట్లన్నీ బాగా బలహీనం, గొర్రె పక్కనుంచి పరిగెత్తినా వాటికి ఏమీ అనిపించదు, పైగా గొర్రెల్నే తమ వాళ్లనుకుంటాయి.

అంటే కోడి దగ్గర అసలు సమస్య కుక్క కోపిష్టిదా శాంతమా అన్నది కాదు. కోడి పరిగెత్తుద్ది, రెక్కలు కొట్టుకుంటది, కీచుమంటది. తరమడం అనే మెట్టు ఉన్న ఏ కుక్కకైనా అది స్విచ్ వేసినట్టే. అందుకే మనుషుల దగ్గర దేవుడిలాంటి కుక్క కోళ్ల దగ్గర అలా అయిపోద్ది. "మా కుక్క చీమక్కూడా హాని చెయ్యదండీ" అనే మాటకి కోళ్ల దొడ్లో విలువ లేదు.

ఈ లెక్కన చూస్తే మన దేశీ పేరున్న జాతులు చాలావరకు అవుట్. ఫ్రెండ్ ఒకడు ముధోల్ తీసుకో, మన ఎండకి తట్టుకుంటది అన్నాడు, నిజమే తట్టుకుంటది, కానీ అది కంటిచూపుతో వేటాడి కుందేల్ని పరిగెత్తించి పట్టే కుక్క, నా కోళ్లు దానికి లెక్కా? రాజపాళయం అడవిపందుల వేటకి వాడినది. 2005లో పోస్టల్ వాళ్లు మన కుక్కల మీద నాలుగు స్టాంపులు వేశారు, ముధోల్, రాజపాళయం, రాంపూర్ హౌండ్, హిమాలయన్ షీప్ డాగ్, నాలుగింట్లో మూడు వేట కుక్కలే. రాజులు, జమీందార్లు పెంచినవాటికే పేర్లు మిగిలాయి, గొల్లవాళ్ల వెనకాల తిరిగిన కుక్కకి ఎవరు పేరు పెడతారు.

హస్కీ, అదే మంచు దేశాల్లో బళ్లు లాగే కుక్క, దాని గురించి ఒక్క మాటే. కోళ్లున్నచోట వద్దు, వైజాగ్‌లో అసలే వద్దు. మే నెల ఉక్కపోతలో ఏసీ షోరూం ముందు నాలుక వేలాడేసుకుని పడుకున్న హస్కీని చూస్తే దాన్ని కాదు, ఓనర్ని కట్టెయ్యాలనిపిస్తది.

జర్మన్ షెపర్డ్ చాలామంది సజెస్ట్ చేశారు. మంచి ట్రైనింగ్ ఇస్తే ఉంటది, కానీ అది తోలే కుక్క, ఆవు కదలకపోతే కరవబోద్ది, ఆవు తంతే దవడ పగుల్తది. మా ఆవు తన్నుద్ది. నన్నే రెండుసార్లు తన్నింది.

మరి అసలు కాపలా జాతులు? గ్రేట్ పిరనీస్, ఇటలీ మరెమ్మా, టర్కీ కంగాల్, ఇవి చదువుతుంటే నిజంగా నోరూరింది. ఆస్ట్రేలియాలో వార్నాంబూల్ అనే ఊరి పక్కన మిడిల్ ఐలాండ్ అని చిన్న దీవి ఉంది, అక్కడ వందల్లో ఉండే చిన్న పెంగ్విన్లని నక్కలు తినేసి 2005 నాటికి పది లోపే మిగిలాయి. అక్కడి కోళ్ల రైతు ఒకాయన తన కోళ్లకి మరెమ్మా కుక్క కాపలా ఉంటే నక్క రావట్లేదు, పెంగ్విన్లకి కూడా పెట్టి చూడండి అన్నాడు, 2006లో పెట్టారు, పెంగ్విన్లు మళ్లీ పెరిగాయి. నమీబియాలో అయితే చీతాలు మేకల్ని పడుతున్నాయని రైతులు వాటిని కాల్చేస్తుంటే, 1994 నుంచి చీతా కన్జర్వేషన్ ఫండ్ వాళ్లు రైతులకి కంగాల్ కుక్క పిల్లల్ని ఇస్తున్నారు, కుక్క పెద్దగా మొరుగుతూ అడ్డం నిలబడితే చాలు, దెబ్బలు తగిలించుకునే రిస్క్ చీతా తీసుకోదు. మేకా బతికింది, చీతా కూడా బతికింది. మన దగ్గర కూడా హిమాచల్‌లో గద్దీ కుక్కలున్నాయి, చిరుత మెడ పట్టకుండా వాటికి ముళ్ల ఇనప పట్టీ వేస్తారు.

ఇంక ఆర్డర్ పెట్టేద్దామా అన్నంత వరకూ వెళ్లా. అమ్మకి ఫోన్లో పిరనీస్ ఫొటో చూపించా. చాలాసేపు చూసి, "దీనికి గొంగళి ఎవులు కప్పినారు?" అంది. అక్కడితో అయిపోయింది. నిజమే కదా, యాభై కేజీల దాకా పెరిగే కుక్క, మంచు కొండల కోసం రెండు పొరల బొచ్చు, మన సముద్రపు గాలి తేమలో దానికి నరకం. పైగా ఈ జాతులు రాత్రంతా మొరుగుతాయి, మొరగడమే వాటి ఆయుధం, అరెకరం స్థలంలో చుట్టూ ఇళ్లున్నచోట రెండో రోజే పంచాయతీ. ఇంకో సంగతి, ఇవి తరతరాలుగా గొర్రెలకీ మేకలకీ అలవాటుపడ్డ జాతులు, కోళ్లు వాటికి కూడా కొత్తే, చిన్నప్పుడు ఆటగా కోళ్లని చంపిన కాపలా కుక్కలు బోలెడు. రెండేళ్లొస్తేగానీ వాటికీ బుద్ధి కుదరదు.

మన ఆంధ్రా కుక్క జోనంగి గురించి చెప్పకపోతే పాపం. కొల్లేరు చుట్టుపక్కల బాతులు మేపేవాళ్లు పెట్టుకునేవాళ్లు దీన్ని, వందల బాతుల్ని ఒక పొలం నుంచి ఇంకో పొలానికి తోలడానికి సాయం. వెంట్రుక చాలా పొట్టి, మొహం మీద ముడతలు, మామూలు కుక్కలా మొరగదు, సాగదీసి ఒక రాగం తీస్తది. చేపల చెరువులొచ్చి బాతుల మేపు తగ్గాక దీనికీ పని పోయింది. నాకు భలే ఆశ పుట్టింది, మన వాతావరణం, మన పక్షులు, ఇంకేం కావాలి. కానీ వేటకి కూడా వాడిన జాతే, పైగా అమ్ముతామన్నవాళ్లు చూపించిన పిల్లలన్నీ సిటీ ఇళ్లలో టైల్స్ మీద పెరిగినవి, వాటి తల్లి బాతుని ఎప్పుడైనా చూసిందా అంటే సమాధానం లేదు. ఆ ప్రశ్న అప్పటికి నాకే సరిగ్గా అర్థం కాలేదు, ఊరికే అడిగా. తర్వాత అర్థమైంది.

పోయినేడాది కోతలయ్యాక మా పక్క పొలంలో గొర్రెల మంద కట్టారు. తెలియనివాళ్ల కోసం, ఎరువు కోసం రాత్రిళ్లు గొర్రెల్ని పొలంలో పడుకోబెడతారు, రైతు కాపరికి డబ్బో ధాన్యమో ఇస్తాడు. ఆ కాపరిది పద్మనాభం వైపు ఊరు. ఆయన దగ్గర ఒక గోధుమరంగు కుక్క, మామూలు ఊరకుక్కే, చెవి ఒకటి చిరిగింది, పొదుగు వేలాడుతోంది, నాలుగు పిల్లలు. నేను టీ ఇద్దామని వెళ్లినప్పుడు చూశా, ఆ కుక్క సత్తు గిన్నెలో చోడి (రాగి) అంబలి తాగుతోంది, మా అమ్మ కోడిపెట్ట ఒకటి ఎప్పుడు కంచె దాటిందో ఏమో వచ్చి అదే గిన్నె అంచు మీద నిలబడి అంబలి పొడుస్తోంది. ఊపిరి ఆగిపోయింది నాకు. కుక్క తలెత్తి కోడిని చూసింది, మొహం పక్కకి తిప్పుకుంది, కోడి దిగాక మళ్లీ తాగింది. అంతే.

నేను ఒక పిల్లని చూపించి ఇది బాగుంది, చురుగ్గా ఉంది అన్నా. ఆయన నవ్వాడు. "పిల్లని సూసి ఏటి తెలస్తాది బావూ, తల్లిని సూడాల. దీని తల్లీ మందలోనే పుట్టింది, దాని తల్లీ మందలోనే. గొర్రిపిల్లని ముట్టుకున్న కుక్కని మా నాయిన మర్నాటికి ఉంచీవోడు కాదు." ఆ చురుకైనది వద్దు, మూల పడుకున్నది తీసుకెళ్లు అన్నాడు, అది ఆడపిల్ల, గొర్రె కాలు దాని తోక మీద పడినా లేవలేదు. నేను ఆర్నెల్లు చదివిందంతా ఆయన రెండు మాటల్లో చెప్పేశాడని కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది నిజం చెప్పాలంటే. బ్రీడర్లు చేసింది అదే, ఈయన నాయన చేసిందీ అదే, ఒకళ్లు కాగితం మీద రాసుకున్నారు, అంతే తేడా.

డబ్బులు తీసుకోలేదు. రెండు నెలలు నిండాక వచ్చి పట్టుకెళ్లమన్నాడు, అమ్మ ఆయనకి ఒక పుంజునిచ్చింది. కుక్కకి చోడి అని పేరు పెట్టాం, రంగు అదే, తిండీ అదే.

ఇంక తల్లి మంచిదైతే సరిపోద్దా అంటే సరిపోదు. మూడో వారం నుంచి సుమారు మూడు నాలుగు నెలల వరకూ కుక్కపిల్ల ఎవరి మధ్య పెరిగితే వాళ్లే దాని జనం. అందుకని చోడిని మొదటి రోజు నుంచీ కోళ్ల గూడు పక్కనే ఇనప జాలీ వేసి పెట్టాం, వాసన, అరుపులు అలవాటవ్వాలని. నెలదాకా తాడు లేకుండా కోళ్లలోకి వదల్లేదు. అమ్మ ఒక చేత్తో తాడు పట్టుకుని ఇంకో చేత్తో నూకలు జల్లేది, కోళ్లు కాళ్ల మధ్య తిరిగేవి, చోడి కదిలితే "ఊఁహూఁ" అనేది, పడుకుంటే ఒక మెతుకు ముద్ద. తిండి మాత్రం కోళ్లకి దూరంగా, ఆ కాపరి కుక్కలా అన్నీ ఉండవు, గిన్నె దగ్గరకొచ్చిన కోడిని కసిరి కొరికేసే కుక్కలే ఎక్కువ.

అన్నిటికంటే గొప్ప ట్రైనర్ మాత్రం మా తల్లికోడి. పదకొండు పిల్లల్ని వేసుకుని తిరుగుతోంది, చోడి ముక్కు పెట్టి ఒక పిల్లని వాసన చూడబోయింది, అంతే, కోడి ఈకలన్నీ లేపి రెండింతలై ఎగిరి ముక్కు మీద ఒక్కటిచ్చింది. చోడి కుయ్యోమంటూ వచ్చి అమ్మ చీర కుచ్చిళ్లలో దూరింది. ముక్కు మీద చిన్న గాటు ఇప్పటికీ ఉంది. అది జరిగినప్పుడు చోడికి మూడు నెలలు, అదే ఏడాది నిండిన కుక్కకి జరిగితే కోడి మిగిలేది కాదేమో.

ఏడో నెలలో ఒక గండం వచ్చింది. ఉన్నట్టుండి ఒక పెట్టపిల్ల వెంటపడి తోక ఈకలు పీకింది, చంపలేదు, ఆట. నేనైతే ఇదీ అయిపోయింది అనుకున్నా. అమ్మ కొట్టలేదు, మళ్లీ తాడు కట్టింది, పొద్దున్నా సాయంత్రం పొలం చుట్టూ నడిపించి అలిసిపోయాకే కోళ్లలోకి తెచ్చేది. రెండు నెలలు అలా. ఈ వయసులోనే చాలామంది కుక్కని వదిలేస్తారు, లేదా గొలుసుకి కట్టి పడేస్తారు, గొలుసు మీదున్న కుక్క ఇంకా పిచ్చెక్కి విడిపించిన రోజున మొత్తం తీర్చుకుంటది. ఇప్పుడు ఏడాదిన్నర దగ్గరపడుతోంది, పగలు వదిలేస్తాం, ఇంట్లో ఎవరూ లేకపోతే మాత్రం ఇప్పటికీ కోళ్లు గూట్లోనే. ఇంకో కుక్కని తోడు తెద్దామా అని తమ్ముడు అడిగాడు, వద్దన్నా, ఒక్కటిగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండే కుక్కలు రెండైతే ఒకదాన్ని చూసి ఒకటి రెచ్చిపోతాయి.

మేకలున్నవాళ్లకి ఒక ముఖ్యమైన మాట, పండక్కి మేకని కోసినప్పుడు పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకి పడెయ్యొద్దు. వాటిల్లో నీటి తిత్తులుంటే కుక్క పేగుల్లో టేప్ వార్మ్ (బద్దెపురుగు) అవుద్ది, దాని గుడ్లు మలంతో గడ్డి మీద పడి మళ్లీ మేకలకి, మనకి కూడా వచ్చి కాలేయంలో తిత్తులు కడతాయి. నట్టల మందు, రేబిస్ టీకా, పార్వో టీకా, ఇవి ఊరకుక్కే కదా అని మానేస్తే కుదరదు. చోడికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాం.

పని చేస్తోందా అంటే, మొన్న వానాకాలంలో ఒక రాత్రి కుక్కల గుంపు జీడితోట దాకా వచ్చింది. చోడి పాతిక కేజీలు కూడా ఉండదు, వాటి మీదకి వెళ్లలేదు, మేకల దొడ్డి తలుపుకి వీపు ఆనించి నిలబడి ఊరంతా లేచేలా మొరిగింది. అమ్మ టార్చ్ వేసుకుని కర్రతో వచ్చేసరికి అవి వెనక్కి తిరిగాయి. ఆ సంగతి అమ్మ ఫోన్లో నాకు నాలుగుసార్లు చెప్పింది, నాలుగోసారికి కుక్కలు తొమ్మిదయ్యాయి.

కోడి మాత్రం ఈ ఏడాదిలో చోడి వల్ల ఒక్కటి కూడా పోలేదు. గుడ్ల విషయం వేరు. నల్లపెట్ట ఒకటి గూట్లో పెట్టడం మానేసి పంచలో చోడి పడుకునే గోనెసంచి మీద పెడుతోంది, రోజు విడిచి రోజు, గుడ్డు పెట్టి కొక్కొక్కో అని అరిచేలోపు గుడ్డు ఉండదు. పెంకు కూడా ఉండదు. నేను నెలరోజులు పాము అనుకుని గోడ కన్నాలన్నీ సిమెంటుతో పూడ్చా. మొన్న ఆదివారం చూశా, చోడి మూతికి పచ్చసొన. అమ్మకి చూపిస్తే చీర చెంగుతో దాని మూతి తుడిచేసి, "నాకు తెల్సులేరా, జీతం అనుకో" అంది.